ఫ్రాన్స్ ఎలా ఓడాలి?

1940 మే 10న జర్మన్ సేన పడమటికి కదిలింది. జూన్ 22 కల్లా ఫ్రాన్స్ సంధిపత్రం మీద సంతకం పెట్టేసింది. అంతా కలిపి ఆరు వారాలు. ట్యాంకుల లెక్క తీస్తే మిత్రపక్షాలదే పైచేయి. ఫిరంగులూ వాళ్లకే ఎక్కువ. జర్మనీ సరిహద్దు పొడవునా మాజినో కోటలు సరేసరి. అయినా ఓడారు.

ఇప్పుడు ఈ యుద్ధాన్ని ఆటగా మలచాలనుకునేవాడి అవస్థ చూడండి. ఉన్న బలగాలను ఉన్నట్టు పటం మీద పేరిస్తే, కాస్త తెలివున్న ఆటగాడి చేతిలో ఫ్రాన్స్ ఓడదు. జర్మన్ ట్యాంకులు ఆర్డెన్ అడవుల్లోంచి వస్తాయని అతను పుస్తకాల్లో చదివే ఉన్నాడు కాబట్టి అక్కడ నాలుగు డివిజన్లు అడ్డం పెట్టి కూర్చుంటాడు. ఫ్రాన్స్ నిలబడితే 1941లో రష్యా మీద దండయాత్ర లేదు, పెర్ల్ హార్బర్ కథ మారిపోతుంది, రెండో ప్రపంచ యుద్ధం పేరుతో కొన్న ఆట రెండో ఏడాదికే చతికిలపడుతుంది. పోనీ ఫ్రాన్స్ ఓడి తీరేలా నిబంధనలు బిగిస్తే, ఆ పక్షాన కూర్చున్నవాడికి చేయడానికి పనేమీ మిగలదు. అప్పుడు అది ఆట అనిపించుకోదు, డాక్యుమెంటరీ అవుతుంది.

యుద్ధ వ్యూహాల ఆటలు తయారుచేసేవాళ్లు, వాటికి మాడ్లు, అంటే మార్పులు, రాసేవాళ్లు రాత్రింబవళ్లు తగువులాడుకునేది ఈ ముడి దగ్గరే. చరిత్రకు ఎంత కట్టుబడాలి, ఆటగాడికి ఎంత వదిలిపెట్టాలి? కంప్యూటర్లు పుట్టాక వచ్చిన తగువేం కాదిది. దీని వయసు రెండు వందల ఏళ్లు.

యుద్ధాన్ని బల్ల మీదికి దించడం మనకు తెలియనిది కాదు. రథ గజ తురగ పదాతులను గళ్లలో నిలబెట్టిన చతురంగం చేసిందదే. జర్మనీలోని బ్రన్స్‌విక్‌లో హెల్విగ్ అనే ఆయన 1780లో ఆ చదరంగాన్నే సాగదీసి, గళ్లకు రంగులు వేసి, ఇది కొండ, ఇది బురద, ఇది నది అంటూ కొత్త ఆట కట్టాడు. అసలు మలుపు 1812లో వచ్చింది. బ్రెస్లావ్‌లో సర్కారీ కొలువు చేసే రైస్‌విట్జ్ ప్రష్యా రాజు మూడో ఫ్రెడరిక్ విల్హెల్మ్‌కు ఒక పెద్ద బల్ల బహూకరించాడు. దాని సొరుగుల నిండా కొండలు, వాగులు, ఊళ్లు మలిచి రంగులద్దిన పలకలు. వాటిని ఎలా కావాలంటే అలా అమర్చుకుని యుద్ధం ఆడుకోవచ్చు. రాజకుటుంబం ముచ్చటపడింది. సైన్యం మాత్రం దాని జోలికి పోలేదు.

దాన్ని సైన్యం దాకా తీసుకెళ్లినవాడు ఆయన కొడుకు. ఫిరంగి దళంలో అధికారి. 1824లో అతను పలకలన్నీ పక్కన పెట్టి, 1:8000 స్కేలున్న సర్వే మ్యాప్ పరిచాడు. ఒక్కో ఎత్తుకు రెండు నిమిషాల యుద్ధకాలం. ఆ రెండు నిమిషాల్లో పదాతి ఎంత నడవగలదో మ్యాప్ మీద అంతే జరగాలి. ఏ దూరం నుంచి కాలిస్తే ఎన్ని గుళ్లు తగులుతాయన్న లెక్కలు ప్రష్యా జనరల్ షార్న్‌హోర్స్ట్ మైదానంలో చేయించిన పరీక్షల నుంచి తెచ్చాడు. అదృష్టానికి పాచికలు పెట్టాడు. అన్నిటికంటే ముఖ్యంగా మధ్యలో అంపైర్‌ని కూర్చోబెట్టాడు. ఇటువాళ్ల సేన అటువాళ్లకు కనబడదు. ఎవరికి ఏం కనిపించాలో అంపైరే తేలుస్తాడు. ప్రష్యా జనరల్ స్టాఫ్ అధిపతి ముఫ్లింగ్ అయిష్టంగానే వచ్చి కూర్చున్నాడట. ఆట సాగేకొద్దీ ముందుకు వంగాడు. చివరికి ఇది వినోదం కాదు, యుద్ధవిద్యకు బడి అని తేల్చి సైన్యమంతటికీ సిఫారసు చేశాడు.

అయితే పట్టికలు, పాచికలు, కొలబద్దలు పట్టుకుని రెండు నిమిషాల పోరు తేల్చడానికి అరగంట పడితే అధికారులకు ఓపిక ఎక్కడిది? 1876లో ప్రష్యా జనరల్ వెర్డీ డు వెర్నువా ఆ పట్టికలన్నీ అవతల పారేయమన్నాడు. పాచికలొద్దు, పుస్తకం వద్దు, యుద్ధం చూసిన అనుభవమున్న అంపైర్ తన బుద్ధితో తీర్పు చెబితే చాలు అన్నాడు. ఆట పరుగెత్తింది. అంకెలతో కట్టిన ఆట ఒకటి, అనుభవంతో నడిచే ఆట ఇంకొకటి. తర్వాత వచ్చిన ప్రతి యుద్ధ క్రీడా ఈ రెండింటి మధ్య ఎక్కడో ఒకచోట నిలబడాల్సిందే.

అనుభవం మీద వదిలేస్తే వచ్చే ప్రమాదమేమిటో జపాన్ నౌకాదళం చూపించింది. 1942 మే మొదట్లో యమాటో యుద్ధనౌక మీద మిడ్‌వే దండయాత్రకు రిహార్సల్‌గా ఆట ఆడారు. పాచికలు వేస్తే అమెరికన్ విమానాలు తొమ్మిది బాంబులు తగిలించినట్టు తేలింది. ఆట నడిపిస్తున్న అడ్మిరల్ ఉగాకి ఆ తొమ్మిదిని మూడుకు కుదించేశాడనీ, మునిగిపోయిందన్న కాగా నౌక తర్వాతి ఘట్టంలో మళ్లీ తేలిందనీ విమానదళాధికారి ఫుచిడా యుద్ధానంతరం రాసుకున్నాడు. నెల తిరిగేసరికి, జూన్ 4న, నిజం సముద్రంలో కాగాకు బాంబులు తగిలాయి. ఈసారి తేల్చే అంపైర్ లేడు. ఉగాకి చేసింది పచ్చి మోసమే అనేవాళ్లున్నారు. మొదటి ఘట్టంలోనే నౌకలు పోతే మిగతా పథకాన్ని సాధన చేయడమెలా అని సమర్థించేవాళ్లూ ఉన్నారు. రెండో వాదన వింటుంటే నాకు ఇవాళ్టి గేమ్ డిజైనర్లే గుర్తొస్తారు. ఆట ముందుకు సాగాలి కదా అన్నది వాళ్ల నోట ఎప్పుడూ ఉండే మాట.

అదే ఏడాది లివర్‌పూల్‌లో అందుకు పూర్తిగా విరుద్ధమైన ఆట ఒకటి నడిచింది. నన్నడిగితే ఈ మొత్తం కథలో అందరికంటే తెలివైన డిజైనర్ అక్కడే ఉన్నాడు.

అట్లాంటిక్‌లో జర్మన్ జలాంతర్గాములు వర్తక నౌకలను ముంచేస్తున్నాయి. క్షయ వ్యాధితో నౌకాదళం నుంచి ముందే రిటైరై ఉన్న కెప్టెన్ గిల్బర్ట్ రాబర్ట్స్‌ను 1942 జనవరిలో పిలిపించి, డెర్బీ హౌస్ పై అంతస్తులో కొన్ని గదులిచ్చి, జలాంతర్గాముల ఎత్తుగడ కనిపెట్టమన్నారు. ఆయనకిచ్చిన సిబ్బందిలో ఎక్కువమంది రెన్స్ అనే మహిళా నౌకాదళానికి చెందిన పడుచు పిల్లలు. కొందరికి ఇరవై కూడా నిండలేదు. సముద్రం మీద యుద్ధమన్నది ఎరగనివాళ్లు.

వాళ్లు నేలనే సముద్రం చేసుకున్నారు. లినోలియం పరిచిన నేల మీద గళ్లు గీశారు, చెక్క నౌకలు పెట్టారు. రక్షక నౌకల పక్షాన ఆడే అధికారులను కాన్వాస్ తెరల వెనుక నిలబెట్టారు. తెరకు చిన్న కంత ఉంటుంది. నిజం రాత్రిలో ఓడ పైనుంచి ఎంత కనబడుతుందో ఆ కంతలోంచి అంతే కనబడాలి. ఓడల దారిని తెల్ల సుద్దతో గీసేవాళ్లు. జలాంతర్గామి దారిని ఆకుపచ్చ సుద్దతో గీసేవాళ్లు. తెర వెనుక నుంచి ఏటవాలుగా చూసేవాడి కంటికి ఆ పచ్చ గీత ఆనేది కాదు. దగ్గర నిలబడ్డ అమ్మాయిలకు స్పష్టంగా కనబడేది. ఒక్కో ఎత్తుకు రెండు నిమిషాలు. రైస్‌విట్జ్ పెట్టిన గడువే.

ఆ నేల మీద పాత యుద్ధాలను మళ్లీ ఆడి చూశాకే రాబర్ట్స్‌కు అసలు సంగతి బోధపడింది. జలాంతర్గాములు దూరం నుంచి టార్పెడోలు వేయడం లేదు. చీకట్లో వెనుక నుంచి వర్తక నౌకల వరసల మధ్యలోకే దూరి, అక్కడి నుంచి కొట్టి, రక్షక నౌకలు బయట వెతుకుతుంటే నీటి కిందికి జారి తప్పుకుంటున్నాయి. ఆ కిటుకు తెలిశాక విరుగుడు కట్టారు. రక్షక నౌకలన్నీ ఒక్కసారి వెనక్కి మళ్లి జల్లెడ పట్టాలి. ఆ ఎత్తుగడకు రాస్ప్‌బెర్రీ అని పేరు పెట్టింది జీన్ లెయిడ్‌లా అనే రెన్. హిట్లర్‌ను వెక్కిరిస్తూ నోటితో చేసే కూత పేరది. అక్కడి వెస్టర్న్ అప్రోచెస్ కమాండ్‌కు కొత్తగా వచ్చిన అడ్మిరల్ మాక్స్ హోర్టన్ మొదటి ప్రపంచ యుద్ధంలో స్వయంగా జలాంతర్గామి నడిపినవాడు. ఆయన జలాంతర్గామి పక్షాన కూర్చుని, అవతల తెర వెనుక ఉన్నది జానెట్ ఓకెల్ అనే అమ్మాయి అని తెలియక పదే పదే చిత్తయ్యాడు.

రాబర్ట్స్ ఆటలో టార్పెడో బరువు లేదు. ఓడ ఉక్కు మందం లేదు. వివరాల్లో అది ఏమంత ఖచ్చితమైన ఆట కాదు. చీకటిని మాత్రం అచ్చు గుద్దినట్టు దించాడు. కెప్టెన్‌కు ఆ రాత్రి ఏం కనబడిందో, ఏం కనబడలేదో దాన్ని పట్టుకున్నాడు. మిగిలినవి వదిలేశాడు.

యుద్ధం ముగిశాక ఈ విద్య ఇళ్లకు చేరింది. అమెరికాలో చార్ల్స్ ఎస్. రాబర్ట్స్ 1954లో టాక్టిక్స్ అనే అట్ట మీది ఆట అచ్చేసి, 1958లో అవలాన్ హిల్ కంపెనీ పెట్టి, అదే ఏడు గెటిస్‌బర్గ్ విడుదల చేశాడు. ఒక నిజ యుద్ధాన్ని ఇంట్లో కూర్చుని ఆడుకునే ఆటల వ్యాపారం అక్కడి నుంచి మొదలైందంటారు. చదరపు గళ్ల స్థానంలో తేనెపట్టులాంటి షట్కోణాలు 1961 నాటికి వచ్చాయి. చదరపు గడిలో మూలకు జరిగితే దూరం ఎక్కువవుతుంది. షట్కోణంలో ఎటు జరిగినా ఒకటే దూరం.

ఆ తర్వాతి తరంలో జిమ్ డన్నిగన్ మన ఫ్రాన్స్ చిక్కును నేరుగా పట్టుకున్నాడు. ఫ్రాన్స్ 1940 అన్న ఆటలో చరిత్రలో ఉన్న బలగాలను, ఉన్నచోటే ఉంచి ఆడితే మిత్రపక్షాలకు గెలుపు దాదాపు అసాధ్యం. అందుకని ఆయన ఫ్రెంచి సైన్యం ఇంకో రకంగా తీర్చబడి ఉంటే, విమానాలు ఎక్కువుంటే అంటూ వేర్వేరు బలగాల జాబితాలు జతచేశాడు. మీకు చరిత్ర కావాలా, హోరాహోరీ పోరు కావాలా, ఎంచుకుని కూర్చోండి అన్నమాట. ఇంకొందరు ఈ పని నిబంధనతో చేశారు. ఫలానా తేదీ దాకా ఈ సైన్యం కదలరాదు, ఈ సేనాపతి మూర్ఖుడు కాబట్టి మీరూ మూర్ఖంగానే ఆడాలి! ఆటగాళ్లు వీటిని ఇడియట్ రూల్స్ అని ముద్దుగా తిట్టుకుంటారు.

ఖచ్చితత్వం పిచ్చి తలకెక్కితే ఏమవుతుందో చూడాలంటే 1979లో రిచర్డ్ బెర్గ్ డిజైన్ చేసిన ద కాంపెయిన్ ఫర్ నార్త్ ఆఫ్రికా చూడాలి. పదిమంది ఆటగాళ్లు కావాలి. పూర్తి చేయడానికి 1500 గంటలు పడుతుందని అంచనా. ఎడారి ఎండకు ప్రతి ఎత్తులో 3 శాతం పెట్రోలు ఆవిరైపోతుంది. బ్రిటిష్‌వాళ్ల పీపాలు నాసిరకం కాబట్టి వాళ్లకు 7 శాతం. ఇటాలియన్ దళాలకైతే పాస్తా ఉడకబెట్టుకోవడానికి అదనంగా నీళ్లు కేటాయించాలి. ఆ నీళ్లు అందకపోతే దళం స్థైర్యం దెబ్బతింటుంది. యుద్ధ ఆటల లోకంలో ఇంతకు మించి ప్రసిద్ధికెక్కిన నిబంధన లేదు. తీరా చూస్తే ఆ నిబంధన వేళాకోళానికి పెట్టిందేననీ, నిజానికి ఇటాలియన్లు డబ్బాల్లోని టమాటా రసంలోనే పాస్తా ఉడికించుకునేవారనీ తర్వాత బెర్గే చెప్పాడు. అంటే ఖచ్చితత్వానికి పరాకాష్ఠగా అందరూ చెప్పుకునే నిబంధనే చరిత్రకు తప్పు. ఆవిరయ్యే పెట్రోలు సంగతి నిజమే కావచ్చు. అయితే జర్మన్ సేనాపతి రోమెల్ కూర్చుని పీపాకు ఎంత తరిగిందో లెక్కలు వేశాడా? ఆ పని స్టోర్ గుమాస్తాది. బెర్గ్ ఆటలో కూర్చున్నవాడు సేనాపతీ తనే, గుమాస్తా తనే.

ఆ గుమాస్తా పని కంప్యూటర్ తన మీద వేసుకుంది. ఆవిరయ్యే పెట్రోలు, నడిచే కాళ్లు, ఆగిపోయే రైళ్లు అన్నీ అది లోపల లెక్కపెట్టుకుంటుంది. స్వీడన్‌లోని పారడాక్స్ సంస్థ 2002లో తెచ్చిన హార్ట్స్ ఆఫ్ ఐరన్ ఈ దారిలో మైలురాయి. ప్రపంచంలోని ఏ దేశాన్నైనా తీసుకుని 1936 నుంచి యుద్ధం ముగిసేదాకా నడపొచ్చు. 2005లో రెండోది, 2009లో మూడోది వచ్చాయి. నాలుగోది 2016 జూన్ 6న, నార్మండీ తీరంలో సేనలు దిగిన తేదీ చూసుకుని మరీ విడుదలైంది. ఇందులో వాడిన సాఫ్ట్‌వేర్ ఇంజిన్‌కు పెట్టిన పేరు క్లాజ్‌విట్జ్. రైస్‌విట్జ్ కాలపు ప్రష్యా జనరలే, యుద్ధంలో పొగమంచు గురించి రాసిన ఆయన.

ఈ ఇంజిన్‌లో ఒక సుగుణం ఉంది. దేశాల లెక్కలు, సైన్యాల జాబితాలు, సంఘటనలు చాలామటుకు మామూలు టెక్స్ట్ ఫైళ్లలో ఉంటాయి. నోట్‌ప్యాడ్‌లో తెరిచి అంకె మార్చి సేవ్ చేస్తే ఆట మారిపోతుంది. మాడ్ అంటే అంతే, ఇంకొకరు కట్టిన ఇంట్లో దిగి లోపలి గోడలు మనకు నచ్చినట్టు జరుపుకోవడం. పునాది, పైకప్పు మనవి కావు. ఒక్క అంకెతో మొదలైన మాడ్లు సంవత్సరాలు గడిచేసరికి అసలు ఆటను మించిపోయాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ గెలిచి ఉంటే అని ఊహించిన కైజర్‌రైష్ రెండో ఆటకు మాడ్‌గా పుట్టి నాలుగో ఆట దాకా బతికి వచ్చింది. వివరం మీద వివరం పేర్చే బ్లాక్ ఐస్ అనే మాడ్‌ది బెర్గ్ వారసత్వం. ఈ అభిమానుల పనితనం చూసి పారడాక్స్ తన పాత యూరోపా ఇంజిన్‌ను వాళ్లకే లైసెన్సుకిచ్చింది. 2010లో ఆర్సెనల్ ఆఫ్ డెమోక్రసీ, 2011లో డార్కెస్ట్ అవర్ విడి ఆటలుగా బజారుకొచ్చాయి.

నాలుగో ఆటలో ఫ్రాన్స్ చిక్కును విప్పిన తీరు గమనించదగ్గది. ట్యాంకులు తగ్గించలేదు. చీలికలు పేలికలైన ప్రభుత్వం, పాత గెలుపు మత్తు వంటి జాతీయ రుగ్మతలు అంటగట్టారు. ఆటగాడు వాటిని నయం చేసుకుంటూ రావాలి, ఈలోగా 1940 వచ్చేస్తుంది. చరిత్ర మార్గం అని ఒక స్విచ్చు కూడా ఉంది. అది వేస్తే కంప్యూటర్ నడిపే దేశాలు చరిత్రలో తీసుకున్న నిర్ణయాలే తీసుకుంటాయి. తీసేస్తే ఏ దేశం ఎటు పోతుందో దేవుడికెరుక. నలుగురైదుగురు కలిసి ఇంటర్నెట్‌లో ఆడేటప్పుడు ఫ్రాన్స్ తీసుకున్నవాడి నుంచి గెలుపు ఎవరూ ఆశించరు. ఆరు వారాలకు మించి ఎన్నాళ్లు నిలబెట్టాడన్నదే అతని ఘనత.

చరిత్ర ఒకటి, ఆటగాడి లెక్క ఒకటి అన్నది డివిజన్ల దగ్గర బాగా కనిపిస్తుంది. ఆటలో మొదట్లో మైదానం వెడల్పు 80 ఉండేది. అంతకు మించిన సేన ఒకేసారి పోరులో దిగలేదు. పదాతి బెటాలియన్ వెడల్పు 2, ఫిరంగి బెటాలియన్ 3. ఇక ఆటగాళ్లు కాగితం పెన్సిలు తీశారు. 14 పదాతి, 4 ఫిరంగి బెటాలియన్లు కలిపితే సరిగ్గా 40. అలాంటివి రెండు పెడితే 80 గడి నిండా, తు.చ. తప్పకుండా సరిపోతాయి. దాంతో జర్మనీ, రష్యా, బ్రెజిల్ తేడా లేకుండా లోకంలోని సేనలన్నీ 14-4 అచ్చులో దిగిపోయాయి. 1940 నాటి నిజమైన జర్మన్ పదాతి డివిజన్‌లో ఉన్నవి 9 పదాతి బెటాలియన్లు. పద్నాలుగు బెటాలియన్ల డివిజన్‌ను నడపమంటే ఆనాటి జనరళ్లు తల పట్టుకునేవారు. పదాతి దళంలో ఒక్క భారీ ట్యాంక్ బెటాలియన్ కలిపి, దాని కవచం దళమంతటికీ వచ్చేలా చేసే కిటుకు ఇంకొకటి. దానికి స్పేస్ మెరైన్ అని పేరు కూడా పెట్టారు.

దీన్ని సరిదిద్దడానికి మూడు దారులున్నాయి. ఫలానా డివిజన్ కట్టకూడదని నిషేధించొచ్చు. కలిసి ఆడే బృందాలు చేసింది అదే. ఆట మొదలుపెట్టేముందే స్పేస్ మెరైన్లు వద్దు, ఫలానా తేదీకి ముందు రష్యా మీదికి పోవద్దు అని పెద్దమనుషుల ఒప్పందం చదివి వినిపిస్తారు. దాన్ని మీరినవాడిని గదిలోంచి పంపేస్తారు. వెర్డీ అంపైర్ తిరిగొచ్చాడన్నమాట. మాడర్లు కొందరు రెండో దారి పట్టి, చరిత్రలో ఉన్న డివిజన్లకే తాళం వేసేశారు. చరిత్ర పుస్తకం చేతికిచ్చి, ఇందులో ఉన్నట్టే కట్టు అంటే ఇక ఆలోచించే పనేముంది?

మూడో దారి పారడాక్స్ 2021 నవంబరులో పట్టింది. నో స్టెప్ బ్యాక్ అనే అదనపు భాగంతోపాటు వచ్చిన మార్పుల్లో 80 అన్న ఏకైక అంకె తీసేసి, మైదానానికి ఒక వెడల్పు, అడవికి ఒకటి, కొండకు ఒకటి, పట్నానికి ఒకటి పెట్టారు. ఇక అన్నిచోట్లా సరిగ్గా ఇమిడే డివిజన్ అంటూ ఉండదు. అడవిలో పోరాడేవాడికి ఒకలా, ఎడారిలో పోరాడేవాడికి ఒకలా కట్టుకోక తప్పదు. ఏదీ నిషేధించలేదు, ఎవరినీ మందలించలేదు, నేలను మార్చారు అంతే. ఆటగాళ్లు మర్నాటి నుంచే కొత్త లెక్కలు మొదలుపెట్టారనుకోండి, అది వేరే సంగతి. నా మటుకు నాకు ఈ పని నచ్చింది. చరిత్రలో జరిగిందాన్ని రుద్దకుండా, చరిత్రలో అలా ఎందుకు జరిగిందో ఆ కారణాన్ని ఆటలో పెట్టారు.

ఖచ్చితత్వం ఎప్పుడూ సుఖాన్నివ్వదు. మొదటి హార్ట్స్ ఆఫ్ ఐరన్‌ను 2004లో చైనా నిషేధించింది. మంచూరియా, టిబెట్, సింకియాంగ్‌లను విడి దేశాలుగా, తైవాన్‌ను జపాన్ కింద చూపించి సార్వభౌమత్వాన్ని భంగపరిచారన్నది అభియోగం. 1936లో తైవాన్ ఉన్నది జపాన్ కిందే. మంచూరియాలో జపాన్ నిలబెట్టిన తోలుబొమ్మ రాజ్యం ఉన్నదీ నిజమే. పటం సరిగ్గా ఉన్నందుకే పేచీ వచ్చింది.

ఇక మన సంగతికొస్తే, ఈ ఆటల్లో ఇండియా అంటే మాడర్లకు పెద్ద తలనొప్పి. 1941 జనాభా లెక్కల ప్రకారం బ్రిటిష్ ఇండియాలో, సంస్థానాలతో కలిపి, దాదాపు 39 కోట్ల మంది. ఆటలో సైనిక చట్టాలు శాతాల్లో ఉంటాయి. స్వచ్ఛందంగా చేరేవాళ్లే అంటే జనాభాలో 1.5 శాతం. పెద్దలందరూ సేవ చేయాలంటే 20 శాతం. రెండో లెక్క వేస్తే 7 కోట్ల 80 లక్షల సైన్యం! ఢిల్లీలో కూర్చున్న ఆటగాడు బెర్లిన్ దాకా నడిచి వెళ్లిపోవచ్చు. మొదటి లెక్క వేసినా 58 లక్షల పైన. నిజంగా చేరింది ఎందరు? 1939లో రెండు లక్షల చిల్లర ఉన్న భారత సైన్యం 1945 నాటికి 25 లక్షలైంది. నిర్బంధం లేకుండా చేరినవాళ్ల సైన్యాల్లో అప్పటికి అదే ప్రపంచంలో పెద్దది. అయినా జనాభాలో ఒక శాతం లేదు. ఇటు జర్మనీ 8 కోట్ల జనంలోంచి కోటీ డెబ్బై లక్షల మందికి పైగా యూనిఫాం తొడిగింది.

కాబట్టి కళ్లెం వేయాలి. 2016 డిసెంబరులో వచ్చిన టుగెదర్ ఫర్ విక్టరీ అనే అదనపు భాగంలో ఇండియాకు వ్యవసాయ సమాజం అన్న ముద్ర వేసి, సైన్యంలోకి వచ్చే జనాన్ని కోసేశారు. ఆట నిలబడింది. అంకె దాదాపు సరిపోయింది. కారణమే నాకు మింగుడుపడలేదు. వ్యవసాయ సమాజమని రష్యా ఆగిందా? గోదావరి జిల్లాల రైతు సైన్యంలో చేరకపోవడానికి నాగలి ఒక్కటే కారణమా? 1939 సెప్టెంబరు 3న వైస్రాయ్ లిన్‌లిత్‌గో ఇక్కడి నాయకులను ఒక్కమాటైనా అడగకుండా ఇండియా యుద్ధంలో ఉందని ప్రకటించేశాడు. అందుకు నిరసనగా మద్రాసులో రాజాజీ మంత్రివర్గంతో సహా కాంగ్రెస్ ప్రభుత్వాలు రాజీనామా చేశాయి. 1942 ఆగస్టులో క్విట్ ఇండియా. నాయకులంతా జైళ్లలో ఉన్న దేశమది. ఆ కోత పేరు వలస పాలన అని ఉండాల్సింది.

ఇంకో ఉదాహరణ మన తీరం నుంచే. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాన్ విమానవాహక నౌక నుంచి వచ్చిన విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. పోయిన ప్రాణాలు కొద్దే, నష్టమూ కొద్దే. ఆట లెక్కలో అది ఒక రేవుకు తగిలిన చిన్న గీటు, రెండు రోజుల్లో మాసిపోతుంది. బయట జరిగింది వేరు. విశాఖ వీధులు ఖాళీ అయ్యాయి. జనం బండ్లు కట్టుకుని పల్లెలు పట్టారు. మద్రాసు ప్రభుత్వం తన ఆఫీసులను లోపలి ఊళ్లకు తరలించింది. జపాన్ సేన వెనకే వస్తోందో లేదో ఎవరికీ తెలియదు. ఆటగాడికి తెలుసు. అతను పైనుంచి పటం చూస్తున్నాడు, జపాన్ దళాలు ఎక్కడున్నాయో చదువుకున్నాడు, అందుకే ఒక్క సిపాయినీ కదిలించడు. లివర్‌పూల్‌లోలా అతని ముందు తెర కట్టి, కంత ఒక్కటే వదిలితే మద్రాసు గవర్నర్ చేసిన పనే తనూ చేస్తాడు.

సిపాయిల లెక్కకూ ఇంతకంటే మంచి దారి ఉంది. జనాన్ని కోయకుండా వదిలేసి, తుపాకులను బిగించడం. మనుషులు కావలసినంత మందిని చూపించాలి. రైఫిళ్లు, వాహనాలు, శిక్షణ ఇచ్చే అధికారులు మాత్రం ఇక్కడ తయారయ్యేది కొద్ది, లండన్ నుంచి వచ్చేది అంతకంటే కొద్ది. ఆటగాడు ఎన్ని డివిజన్లు కట్టాలన్నా ఫ్యాక్టరీ దగ్గర ఆగిపోతాడు. ముందు ఉక్కు పెంచాలా, అధికారులను తయారుచేయాలా, లండన్‌తో పేచీ పడాలా, ఉన్న నాలుగు డివిజన్లను ఆఫ్రికాకు పంపి ఇక్కడ తీరాన్ని ఖాళీ పెట్టాలా అన్నది అప్పుడతను తేల్చుకోవాలి. 1940లో ఢిల్లీలోని సైనిక ప్రధాన కార్యాలయం ముందున్న చిక్కు సరిగ్గా అదే. చేరతామని వచ్చేవాళ్లున్నారు, వాళ్ల చేతికివ్వడానికి రైఫిళ్లు లేవు.